ఓ బూఢా జహాజ్ రెండో జిందగీ

తారీఖ్ అనగానే మన ఇళ్ళలో కిలాలు, మస్జిదులు, బాద్షాల పేర్లే గుర్తొస్తాయి. కానీ మన సమందర్‌లో పదేళ్ళు నిలబడి, తర్వాత వెళ్ళిపోయిన ఓ పాత జహాజ్ కిస్సా కూడా మన తారీఖే.

దాని పాత పేరు పోలార్ అలాస్కా. క్రూడాయిల్ మోసే అమెరికన్ ట్యాంకర్. ఉమ్ర్ పైబడిన ట్యాంకర్లు మామూలుగా కబాడీకే పోతాయి. దీని నసీబ్ వేరు. నార్వేకు చెందిన ఆకర్ కంపెనీ దాన్ని సింగపూర్‌లో తేలే కార్ఖానాగా మార్పించింది. ధీరూభాయ్-1 అని పేరు పెట్టి రిలయన్స్‌కు కిరాయికిచ్చింది. 2008 సెప్టెంబర్‌లో కాకినాడ తీరానికి ఎదురుగా, కేజీ-డీ6 బ్లాక్‌లో క్రూడ్ తీయడం మొదలైంది.

పాత జహాజే ఎందుకు? నూనె దాచే ట్యాంకులు అందులో ముందే తయారుగా ఉంటాయి. డెక్ మీద నూనె, గ్యాస్, నీళ్ళను విడదీసే మెషీన్లు బిగిస్తే చాలు. నిండిన నూనెను మరో ట్యాంకర్ వచ్చి తీసుకుపోతుంది. ఈ తర్కీబ్‌ను 1977లో స్పెయిన్ తీరాన షెల్ కంపెనీ మొదలుపెట్టింది. మన దగ్గర సమందర్ లోతు కిలోమీటరు పైమాటే. కాళ్ళు పాతి నిలబెట్టే ప్లాట్‌ఫారం అక్కడ కుదరదు. జహాజ్‌ను లంగర్లతో కట్టిన ఓ బోయాకు తగిలిస్తారు. గాలి మారితే జహాజ్ దాని చుట్టూ తిరుగుతుంది. పెద్ద తుఫాన్ వస్తే ఊడదీసుకుని తప్పుకుంటుంది.

తప్పుకునే ఈ సహూలత్ నేల మీద లేదు. కొల్లేటి ఒడ్డున కైకలూరు, లింగాల వైపు ఓఎన్జీసీ నూనె బావులున్నాయి. అవి ఎక్కడికీ పోవు, వాటి పక్క ఊళ్ళూ పోవు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో బావి పేలితే 65 రోజులు మంటలు ఆగలేదు. అక్కడి వాళ్ళు కొన్నాళ్ళు ఇళ్ళు వదిలినా, మళ్ళీ ఆ జమీన్ మీదికే రావాలి కదా!

ధీరూభాయ్-1 సంగతి అలా కాదు. 2018లో ఆ చోట ఉత్పత్తి ఆగిపోయింది. కిరాయి ముద్దత్ తీరింది, జహాజ్ రుఖ్సత్ అయింది. మళ్ళీ 2024 జనవరి 7న ఓఎన్జీసీ అదే సమందర్‌లో కొత్త క్షేత్రం నుంచి తొలి నూనె తీసింది. అక్కడ పని చేస్తున్న ఆర్మడా స్టెర్లింగ్-5 కూడా ట్యాంకర్ నుంచి మారిందే.

ఏలూరు, తాడేపల్లిగూడెం నుంచి మన పిల్లలు నూనె మీద రోజీ కోసం ఖతర్, కువైట్ దాకా పోతున్నారు. నూనె మాత్రం మన వాకిట్లోనే ఉంది. కాబట్టి కొత్త జహాజ్ వచ్చినప్పుడు సంబరం ఒక్కటే చాలదు, సవాల్ కూడా చేయాలి. ఎన్నేళ్ళ కిరాయి? వెల్డర్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ పనుల్లో మనవాళ్ళు ఎంతమంది? జాలర్లకు దక్కేదేంటి? సొంత ఇల్లు కట్టుకున్నవాడు వేరు, కిరాయికి దిగినవాడు వేరు. కిరాయిదారు ఖాళీ చేసే రోజు ఎలాగూ వస్తుంది. ఒడ్డున ఏం మిగలాలన్నది ముందే తేల్చుకోవాల్సింది ఇంటివాళ్ళే.