మన చదువుల చరిత్ర – 9: సుబేదార్ రాంజీ ఇంటి బడి



గత భాగం పెట్టాక చాలామంది విద్యార్థులు మెసేజ్‌లు చేశారు. మాటలు వేరైనా ప్రశ్న ఒకటే. "మనల్ని తక్కువ చేసి రాసిన పుస్తకాలు మన పిల్లలతో ఎందుకు చదివించాలి మేడమ్? మనకు మన రచయితలు ఉన్నారు కదా, వాళ్లని చదివితే చాలదా?" ఒక తమ్ముడైతే ఇంకో అడుగు ముందుకేసి, "భారతం, రామాయణం మన వాడలోకి రానివ్వకూడదు" అన్నాడు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయితే ఈ ప్రశ్న కొత్తది కాదు. నూట పాతికేళ్ల కిందటే ఒక పిల్లవాడు దీన్ని వాళ్ల నాన్నను అడిగాడు. ఆ పిల్లవాడు భీమ్‌రావు. ఆ నాన్న సుబేదార్ రాంజీ సక్పాల్. ఈ రోజు ఆ ఇంటి గురించి మాట్లాడుకుందాం.

బడిలో భీమ్‌రావుకు ఏం దక్కిందో మనందరికీ తెలుసు. కూర్చోవడానికి గోనెపట్టా ఇంటి నుంచే తెచ్చుకోవాలి. దాహమైతే ప్యూన్ వచ్చి నీళ్లు పోస్తేనే తాగాలి, ప్యూన్ లేని రోజు దాహంతోనే ఉండాలి. హైస్కూలుకొచ్చాక సంస్కృతం చదువుకుంటానంటే అంటరానివాడివి, కుదరదన్నారు. పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. ఇవి మనం ప్రతి ఏప్రిల్ 14న చెప్పుకుంటాం. కానీ ఇంత అవమానం చేసే బడి నుంచి అంత చదువరి ఎలా బయటికొచ్చాడని మాత్రం ఆగి అడగం. సగం జవాబు ఆ ఇంట్లో ఉంది.

రాంజీ సైన్యంలో పనిచేసినవాడు. కంపెనీ సైన్యంలో సిపాయిలకూ వాళ్ల పిల్లలకూ చదువు తప్పనిసరిగా ఉండేది. మహర్లకు అక్షరం అందిన దారుల్లో అది పెద్దది. రాంజీ పూనాలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, సైనిక పాఠశాలలో పద్నాలుగేళ్లు హెడ్‌మాస్టర్‌గా చేశాడు. కబీరు పంథాను నమ్మినవాడు. ఇంట్లో రోజూ భజన, పాట ఉండేవి. పిల్లలకు ఇంగ్లీషు తనే చెప్పేవాడు. హోవర్డ్ ఇంగ్లీషు వాచకాలు, తర్ఖడ్కర్ అనువాద పాఠాలు దగ్గర కూర్చోబెట్టి చదివించాడు. ఇంగ్లీషులో పట్టు ఎక్కడిదంటే అంబేడ్కర్ తన తండ్రి పేరే చెప్పుకున్నాడు.

తర్వాత బొంబాయి. పరేల్‌లో కూలీలుండే చాల్. కుటుంబానికంతా ఒకటే గది. వంటా అక్కడే, పడకా అక్కడే, చదువూ అక్కడే. పిల్లవాణ్ణి పెందలాడే పడుకోబెట్టి, రాంజీ రాత్రి రెండింటి దాకా మేలుకుని ఉండేవాడు. రెండింటికి కొడుకుని లేపి, ఆ చోట తను పడుకునేవాడు. భీమ్‌రావు కిరోసిన్ దీపం ముందు కూర్చుని తెల్లారేదాకా చదువుకునేవాడు. ఒక గది ఇంట్లో చదువుకునే చోటును ఆ తండ్రి నిద్ర మానుకుని తయారుచేశాడు.

పుస్తకం కావాలంటే చేతిలో డబ్బులుండేవి కావు. అప్పుడు రాంజీ పెళ్లయిన కూతుళ్ల ఇళ్లకు వెళ్లేవాడు. చేబదులు దొరికితే సరే. దొరక్కపోతే కూతురి నగ తెచ్చి కుదవపెట్టి పుస్తకం కొనేవాడు. పింఛను రాగానే విడిపించి ఇచ్చేవాడు.

ఇక్కడ ఒక్క మాట. బాబాసాహెబ్ పుస్తకాల గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ పుస్తకాల్లో కొన్ని ఆయన అక్కల మెళ్లోంచి, చేతుల్లోంచి వచ్చాయని ఎంతమందిమి చెప్పుకుంటున్నాం? మంజుల, తులసి. కనీసం ఆ పేర్లు గుర్తుపెట్టుకోండి. మన ఇళ్లలో ఇప్పటికీ తమ్ముడి ఫీజు కోసం అక్క చదువు ఆగిపోతూనే ఉంది. ఇంటి బడి చరిత్ర రాస్తే ఆ లెక్క కూడా రాయాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రాంజీ ఇంట్లో సాయంత్రం పూట ఒక నియమం ఉండేది. అన్నదమ్ములిద్దరూ భారతం, రామాయణం పైకి చదవాలి. అక్కచెల్లెళ్లు, కథ వినడానికి వచ్చిన చుట్టుపక్కలవాళ్లు చుట్టూ కూర్చునేవారు. ఇది ఏళ్ల తరబడి సాగింది. గుడిలోకి రానివ్వని మనుషుల ఇంట్లో, గుడి కథలు చెప్పే గ్రంథాలు రోజూ చదవడం. వినడానికి వింతగా ఉంటుంది గానీ జరిగింది అదే.

ఈలోగా ఇంకో పుస్తకం ఆ ఇంట్లోకి వచ్చింది. కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అని ఒక ఉపాధ్యాయుడు. రోజూ తోటలో కూర్చుని చదువుకునే ఈ కుర్రాణ్ణి గమనించినవాడు. భీమ్‌రావు పరీక్ష పాసైనందుకు కులస్తులు అభినందన సభ పెడతామంటే రాంజీ ఒప్పుకోలేదు, పిల్లవాడికి తలకెక్కుతుందని. కేలూస్కర్ నచ్చజెప్పాక సభ జరిగింది. అక్కడ ఆయన తను రాసిన బుద్ధుడి జీవితచరిత్రను కుర్రాడి చేతిలో పెట్టాడు.

ఆ పుస్తకం చదివాక భీమ్‌రావు తండ్రిని నిలదీశాడు. బ్రాహ్మణుల గొప్పా క్షత్రియుల గొప్పా చెప్పి, శూద్రుల్నీ అంటరానివాళ్లనీ కిందికి తొక్కే ఈ కథలు మాతో ఎందుకు చదివిస్తున్నావు అని. తండ్రికి ఆ ప్రశ్న నచ్చలేదు. పిల్లలు చెప్పింది చెయ్యాలి, పిచ్చి ప్రశ్నలు వెయ్యకూడదు అని గదిమాడు.

కథ అక్కడే ఆగిపోతే అది మామూలు ఇల్లు అయ్యేది. కొన్నాళ్లకు కొడుకు మళ్లీ అడిగాడు. ఈసారి తండ్రి జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాడు. మనం అంటరానివాళ్లం కాబట్టి నీలో న్యూనతాభావం పుడుతుంది, అది పోగొట్టడానికే ఇవి చదివిస్తున్నాను అన్నాడు. చిన్న స్థితిలో ఉన్న కర్ణుడు ఎంత ఎత్తుకు ఎదిగాడో చూడు, కోలీ అయిన వాల్మీకి రామాయణమే రాశాడు చూడు అన్నాడు.

భీమ్‌రావుకు అందులో కొంత నిజం కనిపించింది గానీ తృప్తి కలగలేదు. భీష్ముడూ ద్రోణుడూ కపటులని, కృష్ణుడు మోసాన్ని నమ్ముకున్నాడని, శూర్పణఖ పట్లా వాలి పట్లా సీత పట్లా రాముడు నడిచిన తీరు తనకు నచ్చలేదని తండ్రి ముఖం మీదే చెప్పేశాడు. రాంజీ ఏమీ మాట్లాడలేదు. కొడుకులో తిరుగుబాటు మొదలైందని ఆయనకు తెలిసిపోయింది. తను బుద్ధుడి వైపు తిరిగింది ఇలాగేనని అంబేడ్కర్ 1956లో 'బుద్ధుడు – ఆయన ధమ్మం'కు రాసుకున్న ముందుమాటలో చెప్పాడు. 1957లో, ఆయన పరినిర్వాణం తర్వాత పుస్తకం వచ్చినప్పుడు ఆ ముందుమాట అందులో అచ్చుకాలేదు. ఎందరికో ఈ సంగతి తెలియకపోవడానికి అదొక కారణం.

విద్యార్థి మిత్రులు ఇక్కడ మూడు విషయాలు చూడాలి.

ఒకటి. తండ్రి కష్టమైన పుస్తకమే ఇచ్చాడు. చిన్నపిల్లలు కదా, ఏదో నీతికథ చాలు అనుకోలేదు. రోజూ పైకి చదివించాడు. పైకి చదివినప్పుడు పాఠం నోటికొస్తుంది, వినేవాళ్ల ముఖాలు కనిపిస్తాయి. మన గురించి నీచంగా రాసిన మాటను మన అక్కచెల్లెళ్ల ముందు మన నోటితో పలకాల్సి వస్తే ప్రశ్న పుట్టకుండా ఉంటుందా?

రెండు. ప్రశ్న ఆ పుస్తకం ఒక్కదాని నుంచే రాలేదు. దాని పక్కన ఇంకో పుస్తకం వచ్చాక వచ్చింది. బుద్ధుడి చరిత్ర లేకపోతే భారతం ఆ ఇంట్లో భక్తిగానే మిగిలిపోయేదేమో. భారతం లేకుండా బుద్ధుడి చరిత్ర ఒక్కటే ఇచ్చి ఉంటే అది ఇంకో పూజాపుస్తకం అయ్యేదేమో.

మూడు. చివరికి తండ్రి మౌనంగా ఉన్నాడు. కొట్టలేదు, ఆ బుద్ధుడి పుస్తకం లాక్కోలేదు. చదివించేవాడికి ఇది అన్నిటికంటే కష్టమైన పని. మనం ఇచ్చిన పుస్తకాన్ని మన పిల్లలు కాదన్నప్పుడు, ఆ కాదనడమే మన చదువు ఫలించడమని గుర్తించడం.

ఆ చదువు ఎటు పోయిందో చూడండి. 1936లో 'కులనిర్మూలన' రాసినప్పుడు, చాతుర్వర్ణ్యం నిలబడాలంటే దండన తప్పదని చూపించడానికి ఆయన శంబూకుడి వధనే ఎత్తిచూపాడు. 1946లో 'శూద్రులెవరు?' రాశాడు. శూద్రులు ఒకప్పుడు క్షత్రియులేనన్న వాదనకు ఆయన పట్టుకున్న ముఖ్యమైన సాక్ష్యం శాంతిపర్వంలో ఉంది. యజ్ఞం చేసిన పైజవనుడు శూద్రుడని అక్కడ చెప్పిన మాట. చిన్నప్పుడు ఇంట్లో పైకి చదివిన భారతాన్నే నలభై ఏళ్ల తర్వాత సాక్షి బోనులో నిలబెట్టాడు. సంస్కృతం రాని నీకు ఈ హక్కెక్కడిదని అడుగుతారని తెలిసి, ముందుమాటలోనే జవాబిచ్చాడు. సంస్కృత గ్రంథాల్లో ఇంగ్లీషులోకి రానిది బహు తక్కువని, పదిహేనేళ్లు వాటినే చదివానని చెప్పాడు. బడిలో వాకిలి మూస్తే కిటికీలోంచి వెళ్లి మొత్తం ఇల్లు సోదా చేసి వచ్చాడన్నమాట.

మన తెలుగు నేల మీద కూడా ఇలాంటి చదువు ఉంది. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా, జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చెప్పించుకున్నాడు. నీకెందుకయ్యా కాళిదాసు అన్నవాళ్లు అగ్రహారంలోనే కాదు, అటు చర్చి వైపూ ఉన్నారు. హిందూ కథలు రాస్తున్నాడని ఆయన్ని సంఘం నుంచి వెలివేశారు. ఆయన నేర్చుకున్నది వృథా పోలేదు. 1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు యక్షుడున్న చోట ఆకలితో ఉన్న అరుంధతీసుతుడు, మేఘమున్న చోట గబ్బిలం. మనిషికి లేని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉంది, కాబట్టి శివుడి చెవిలో మా గోడు చెప్పమంటాడు. మేఘసందేశం తెలియకుండా ఆ దెబ్బ కొట్టడం కుదిరేది కాదు. తెలియని పాఠకుడికి ఆ దెబ్బ పూర్తిగా తగలదు కూడా.

నేను పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ప్రబంధాల మీద పనిచేస్తానన్నాను. "మీకు దళిత సాహిత్యం ఈజీగా ఉంటుంది కదమ్మా" అన్నారు ఒక పెద్దాయన. ఆ మాటలో రెండు అవమానాలున్నాయి. దళిత సాహిత్యం తేలికని ఒకటి, కష్టమైనది మాకు అందదని ఇంకొకటి. ఇప్పుడు మనలో కొందరు మన పిల్లలకు కష్టమైన పుస్తకం వద్దన్నప్పుడు నాకు ఆ పెద్దాయన గొంతే వినిపిస్తుంది. కారణాలు వేరు కావచ్చు, నష్టం మాత్రం ఒకటే.

మా ఇంట్లో ఆదివారాలు వాడ పిల్లలు ఏడెనిమిది మంది కూర్చుంటారు. హాస్టల్ పిల్లలు సెలవులకొస్తే ఇంకా పెరుగుతారు. ఈ వేసవిలో నన్నయ ఆదిపర్వంలోని ఏకలవ్యుడి ఘట్టం పెట్టుకున్నాం. పక్కనే శబ్దరత్నాకరం ఉంటుంది. అర్థం నేను చెప్పను, వాళ్లే వెతకాలి. ఒక్కో పద్యానికి గంట పట్టిన రోజులున్నాయి. నాలుగో వారం తొమ్మిదో తరగతి పాప ఒకటి అడిగింది. "మేడమ్, బొటనవేలు లేకుండా ఇంటికెళ్తే వాళ్లమ్మ ఏమందో ఇందులో లేదేం?" నేను జవాబివ్వలేదు. లేదు కాబట్టి నువ్వే రాయమన్నాను. రాస్తోంది.

ఈ నిదానం వల్లే పద్యం దాచిపెట్టింది బయటపడుతుంది. "ఏకలవ్యుడికి అన్యాయం జరిగింది" అని మనం పోస్టర్ మీద ఒక్క వాక్యంలో రాస్తే పిల్లలు తలూపుతారు. పద్యంతో కుస్తీ పట్టిన పిల్ల ఆ పద్యంలో లేని మనిషిని కనిపెట్టింది.

కాబట్టి తమ్ముడూ, భారతాన్ని వాడలోకి రానివ్వొద్దన్న నీ మాటకు నా జవాబు ఇది. అది టీవీలో, ఫోన్‌లో, పండగ మైకులో ఎప్పుడో వచ్చేసింది. ప్రశ్న లేకుండా వచ్చింది. మనం చెయ్యగలిగింది దాన్ని పుస్తకంగా మన చాప మీద పెట్టి, పక్కన ఫూలేనీ బాబాసాహెబ్‌నీ జాషువానీ పెట్టి, పిల్లల్ని నోరు తెరవనివ్వడం. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టినవాళ్లకు అందులో ఏముందో తెలుసు. తెలిసి తగలబెట్టడం వేరు, చదవక పక్కనపెట్టడం వేరు.

మీ ఇంట్లో, మీ హాస్టల్ రూమ్‌లో, వాడలోని కమ్యూనిటీ హాల్లో వారానికి ఒక గంట చాలు. ఒక కష్టమైన పుస్తకం, దానికి ఎదురు నిలిచే ఇంకో పుస్తకం, ఒక నిఘంటువు. ఆడపిల్లల్ని వినడానికి కాదు, చదవడానికి ముందు కూర్చోబెట్టండి. ఏం మొదలుపెట్టారో కామెంట్లలో రాయండి, ఎదురు పుస్తకం ఏది పెట్టుకోవచ్చో కలిసి చూద్దాం.

వచ్చే భాగంలో 1855లో పద్నాలుగేళ్ల మాంగు పిల్ల ముక్తా సాల్వే రాసిన వ్యాసం గురించి. వేదం బ్రాహ్మణులదైతే మా పుస్తకం ఏదని అడిగిన పిల్ల ఆమె.

జై భీమ్. జై సావిత్రి.