షోయబుల్లాఖాన్ హత్య కేసు

నిజాం సంస్థానపు చివరి రోజులలో, 1948 ఆగస్టు 21 రాత్రి, హైదరాబాదులో 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌పై జరిగిన దాడికి, దాని వెనుక ఉన్నదని ఆరోపింపబడిన కుట్రకు సంబంధించినది ఈ కేసు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ ఇందులో నిందితుడు.

నేపథ్యం

షోయబుల్లాఖాన్ 1920లో నేటి తెలంగాణలో జన్మించాడు. ఉస్మానియా పట్టభద్రుడు. 'తేజ్', మందుముల నరసింగరావు నడిపిన 'రయ్యత్' పత్రికలలో పనిచేశాడు. అవి రెండూ ప్రభుత్వ నిషేధానికి గురికాగా, బూర్గుల రామకృష్ణారావు తోడ్పాటుతో 1947 నవంబరులో 'ఇమ్రోజ్' స్థాపించాడు. సంస్థానం భారత యూనియన్‌లో చేరవలెనని వ్రాశాడు. రజాకార్లను రద్దు చేయవలెనని కోరుతూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను 1948 ఆగస్టులో ప్రచురించాడు. విమర్శకుడు ముస్లిం కావడమే రజాకార్లకు మింగుడుపడని విషయం. హిందువుల కుట్ర అని కొట్టివేయుటకు వీలు లేకపోయినది.

హత్య

ఆగస్టు 19న ఆబిడ్స్‌లోని జమురుద్ మహల్‌లో జరిగిన సభలో, తమకు వ్యతిరేకంగా లేచే చేతులు నరకబడతాయని రజ్వీ హెచ్చరించాడు. రెండు రోజుల తరువాత, కార్యాలయం నుండి బావమరిది ఇస్మాయిల్‌ఖాన్‌తో కలిసి ఇంటికి వెళ్తున్న షోయబ్‌ను కాచిగూడ ప్రాంతంలో దుండగులు తుపాకితో కాల్చి, చేయి నరికివేశారు. అడ్డుపడిన ఇస్మాయిల్ చేయి కూడా తెగినది. మరునాడు తెల్లవారుజామున షోయబ్ మరణించాడు. ఆయన వయస్సు 27 సంవత్సరాలు. ఉస్మాన్‌గంజ్‌కు చేరువలోని గోషామహల్ ప్రాంతంలో ఖననం చేశారు.

విచారణ

సెప్టెంబరు 13-17 తేదీల పోలీసు చర్య ముగిసిన వెంటనే రజ్వీని అరెస్టు చేశారు. రజాకార్ల కేసులకు సైనిక ప్రభుత్వం ప్రత్యేక ట్రిబ్యునళ్ళను ఏర్పరచినది.

కేసులోని చిక్కు కుట్ర నిరూపణలోనే ఉన్నది. నరికిన చేతులు వేరు, నరకమన్న నోరు వేరు. సభలో చేసిన బెదిరింపు అందరూ విన్నదే. అయితే ఆ మాటకు, రాత్రివేళ కత్తి పట్టిన వ్యక్తులకు నడుమ ఆదేశమో ఒప్పందమో ఉన్నదని సాక్ష్యం చూపినప్పుడే చట్టం దానిని కుట్రగా అంగీకరిస్తుంది. హత్యానేరం రజ్వీపై అంతిమంగా నిలవలేదు.

ఆయనకు అమలైన ఏడేళ్ళ శిక్ష బీబీనగర్ దోపిడీ కేసులోనిది. ట్రిబ్యునల్ విచారణ పద్ధతి సమానత్వ హక్కుకు విరుద్ధమని ఆ కేసులో ఆయన చేసిన వాదనను 1953లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో త్రోసిపుచ్చినది. 1957లో విడుదలైన రజ్వీ పాకిస్తాన్‌కు వెళ్ళిపోయాడు. అక్కడే 1970లో మరణించాడు.