హృదయమనే పలక మీద

ఈ వారం మన యవ్వనస్థుల గూర్చి, వారి విశ్వాసం గూర్చి ధ్యానిద్దాం. సామెతలు 3వ అధ్యాయం 3వ వచనంలో, దయను సత్యాన్ని హృదయమనే పలక మీద వ్రాసుకోమని జ్ఞాని తన కుమారునికి బోధిస్తున్నాడు. పెద్దదోర్నాల, మార్కాపురం వాళ్ళకు పలక అంటే వేరే చెప్పనక్కరలేదు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరాలు ఎన్నో. అయితే బలపంతో వ్రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. మన పిల్లల హృదయాల మీద మనం వ్రాస్తున్నది ఎంతకాలం నిలుస్తుంది?

పదో తరగతి వరకు సండేస్కూల్లో వాక్యాలు కంఠతా అప్పజెప్పిన పిల్లవాడు, ఇంటర్మీడియట్ చదువుకు హాస్టల్లో చేరాక బైబిలు తెరవడం మానేస్తాడు. వేసవి కూటాల్లో కన్నీటితో తీర్మానం చేసుకున్న అమ్మాయి, వానలు పడేసరికి ఆ తీర్మానాన్ని మరచిపోతుంది. ఈ పిల్లలకు భక్తి లేదని తొందరపడి తీర్పు తీర్చకండి. మన జిల్లా సంఘ చరిత్రను ఒకసారి చూడండి.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. ఆయన కాలంలో జరిగిన సంగతుల్లో మనకు బాగా తెలిసినది 1878 జూలై 3. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, కిందికి పారే గుండ్లకమ్మే అది. ఆ దినాన్ని గూర్చి ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయితే దానికి ముందేమి జరిగింది? తరువాత ఏమి జరిగింది?

ముందు సంగతి చూద్దాం. 1876 నుండి 1878 వరకు ఘోరమైన కరవు. క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. చాలామంది బాప్తిస్మం అడిగినా, కూడు కోసం వస్తున్నారేమోనన్న సందేహం ఉండకూడదని సంవత్సరం పైగా ఆయన ఇవ్వలేదు. ఇక సహాయం లేదని చెప్పాక కూడా వచ్చినవారికే ఇచ్చారు. ఆ వేలమంది కొత్తవారికి బోధించడానికి చాలినంతమంది బోధకులు మాత్రం లేరు. చదువు వచ్చినవారు బహు కొద్దిమంది. మరి విశ్వాసం ఎలా నిలిచింది?

దీనికి జవాబు కరవుకు పదేళ్ళ ముందే మొదలైంది. ఒంగోలుకు పడమర తాళ్ళకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య గారనే మాదిగ భక్తుడు ఉండేవారు. అంతకుముందు యోగుల దగ్గర సత్యం కోసం వెదికినవారు. తోలు వ్యాపారం చేసేవారు. 1866లో ఆయన బాప్తిస్మం పొంది, తన బంధువుల మధ్య సువార్త చెప్పారు. 1867 జనవరిలో క్లౌ గారు అక్కడికి వెళ్ళేసరికి 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. తరువాత క్లౌ గారి సతీమణి ఎమ్మా రౌషెన్‌బుష్ గారు ఈ తొలితరం వారి కథలను 1899లో పుస్తకంగా అచ్చు వేయించారు. దాని పేరుకు 'చెప్పులు కుట్టుచుండగా' అని అర్థం. గమనించారా? వారు దేవుని మాటలు మాట్లాడుకున్నది పని దగ్గరే. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం కూడా అదే చెప్తుంది. ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమంటుంది.

ఆ కొత్త విశ్వాసులకు క్లౌ గారు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మ్రొక్కకూడదు. చదువురాని కుర్రవాడు సైతం వీటిని జ్ఞాపకం పెట్టుకోగలడు. అయితే ఆచరించడం తేలిక కాదు. కోతల కాలంలో ఆదివారం పనికి రానంటే ఆసామికి కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరికి కోపం. ఇక ఆ మాంసం సంగతి, ఆకలీ అణచివేతా వారి నెత్తిన మోపిన అలవాటే గాని వారి నేరం కాదు. ఆ మూడు నియమాలూ రోజూ ఇంట్లో, పొలంలో, కంచం దగ్గర పరీక్షకు వచ్చేవి. నదిలో మునిగింది ఒక్క దినమే. విశ్వాసాన్ని కాచింది ఈ అనుదిన పరీక్షలే.

యవ్వనస్థులారా, కంచం దగ్గర తీర్మానం చేసుకున్న దానియేలు జ్ఞాపకం వస్తున్నాడా? బబులోనులో అతడు చేసిన మొదటి సాక్ష్యం ప్రసంగం కాదు. రాజు భోజనాన్ని ఒద్దనడమే.

ఇంకొక్క సంగతి. తొలి రోజుల్లో ఒంగోలు బడిలో పైకులాల విద్యార్థులు చదివేవారు. తాళ్ళకొండపాడు వారిని సంఘంలో చేర్చుకోగానే ఆ పిల్లలు బడి మానేశారు. పేదలను కాదంటే పెద్దలు మిగులుతారు. ఏమి చేయాలి? క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో ప్రార్థించి బైబిలు తెరిస్తే, ఇద్దరికీ 1 కొరింథీయులు మొదటి అధ్యాయమే కనబడిందట. లోకంలో బలహీనులను, నీచులుగా ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే వాక్యభాగం అది. వారు పేదలను విడువలేదు. ఆ పని పడమరకు వ్యాపించింది. కంభంలో 1880లలో, మార్కాపురంలో 1890లలో మిషను స్టేషన్లు ఏర్పడ్డాయి. గిద్దలూరు వైపు ఎస్.పి.జి. మిషను వారు పనిచేశారు. ఈనాడు మనం కూర్చుంటున్న సంఘాలు చాలావరకు ఆ పరిచర్యల ఫలమే.

తల్లిదండ్రులారా, మీ బిడ్డకు ముప్పై నియమాలు పెట్టకండి. మూడు చాలు. వాటిని బిడ్డతో కలిసి నిర్ణయించండి. ఆదివారం స్పెషల్ క్లాసు ఉందా? చదువు మానమని కాదు, ఉదయ ఆరాధనకు వెళ్ళి క్లాసుకు వెళ్ళేలా ముందుగానే ఏర్పాటు చేయండి. కంటికి పెట్టే ఆహారం సంగతి కూడా మాట్లాడండి. సెల్‌ఫోన్‌లో ఏది చూడకూడదో నాన్న కూడా పాటిస్తేనే కొడుకు పాటిస్తాడు. ఇక విగ్రహాలు. మార్కుల ర్యాంకుకు, సినిమా హీరోకు, కులం పేరుకు మన ఇంట్లో ఎవరు మ్రొక్కుతున్నారో చూసుకోండి. సంఘంలో పెండ్లి మాట వచ్చినప్పుడు కులం అడిగే పెద్దలను చూస్తూ పెరిగిన పిల్లవాడు, మనం చెప్పే వాక్యాన్ని ఎందుకు నమ్ముతాడు?

సంఘ పెద్దలారా, వెల్లంపల్లిలో బాప్తిస్మానికి వచ్చినవారు ఊరూపేరూ తెలియని గుంపు కాదు. ఏ ప్రాంతపు వారిని ఆ ప్రాంతపు బోధకుడు పేరుపేరునా ఎరిగి ముందుకు తెచ్చాడు. మన సంఘం నుండి ఒంగోలు, గుంటూరు, హైదరాబాదు వెళ్ళిన ప్రతి విద్యార్థికీ, పేరు పెట్టి పిలిచి నెలకొకసారైనా ఫోన్ చేసే పెద్ద ఒకరున్నారా? లోయి, యునీకేలు తిమోతికి చేసిన పని అదే గదా. బాల్యం నుండి పక్కనే ఉన్నారు.

ఈ సాయంకాలం భోజనాల దగ్గర టీవీ ఆపి, మీ బిడ్డను అడగండి. "ఈ వారం నీకు కష్టమైనది ఏమిటి?" అని. జవాబు చెప్పేదాకా ఊరకుండండి. తరువాత ఇద్దరూ కలిసి దానికోసమే ప్రార్థించండి. రేపు మళ్ళీ అడగండి.

పేరయ్య గారిని చెప్పులు కుట్టే చోట సాక్షిగా నిలిపిన దేవుడు, మన బిడ్డలను తరగతి గదిలో, హాస్టల్ గదిలో నిలుపును గాక. ఆమేన్.