పాటకు కరువు, వయసుకు తీరిక

బీటిల్స్ అనగానే మనవైపు గుర్తొచ్చేవి నుదుటి మీద పడే జుట్టు, కేకలు పెట్టే అమ్మాయిలు, కాస్త పెద్దవాళ్లకైతే ఋషీకేశ్. నేనుంటున్న ఈ బ్రిటన్‌లో అరవైల నాటి పాటను చెప్పుకునే తీరూ దాదాపు అంతే. యుద్ధం మిగిల్చిన చీకట్లోంచి ఒక తరం తిరగబడింది, పెద్దల కట్టుబాట్లు తెంచుకుంది, లోకాన్ని గెలిచింది అంటారు. వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం ఇందులో తిరుగుబాటుదారుల కన్నా గుమాస్తాల ప్రమేయమే ఎక్కువ కనిపిస్తుంది. ఆ కుర్రాళ్లకు అమెరికా సంగీతం సులభంగా దొరకలేదు. దాన్ని వెతుక్కోవడానికి తీరిక మాత్రం కావలసినంత దొరికింది. కరువూ తీరికా రెండూ ప్రభుత్వం, కార్మిక సంఘాలు, స్థానిక కౌన్సిళ్లు తీసుకున్న నిర్ణయాల వల్ల వచ్చినవే. ఆ కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్లలో ఎవరికీ రాక్ సంగీతం ఆలోచనలో కూడా లేదు.

ముందు కరువు సంగతి. అప్పట్లో ఈ దేశంలో రేడియో అంటే బీబీసీ ఒక్కటే. అది కూడా గ్రామఫోన్ రికార్డులను ఇష్టమొచ్చినంత సేపు వేయడానికి వీల్లేదు. రికార్డు కంపెనీలతోనూ, వాయిద్యకారుల సంఘంతోనూ కుదిరిన ఒప్పందాల ప్రకారం రోజుకు ఇన్ని గంటలే అని లెక్క ఉండేది. దాన్ని నీడిల్ టైమ్ అనేవారు. పొద్దస్తమానం రికార్డులే మోగితే వాయించేవాడి పొట్ట ఎలా గడుస్తుందన్నది సంఘం వాదన. అందులో న్యాయం లేకపోలేదు. అదే సంఘం పట్టు వల్ల 1935 నుంచి సుమారు ఇరవై ఏళ్లు అమెరికన్ బ్యాండ్లు ఇక్కడికొచ్చి వాయించడం దాదాపు అసాధ్యమైంది. డాలర్ల పొదుపు కోసం ప్రభుత్వం 1951లో పెట్టిన దిగుమతి ఆంక్షలతో 1959 దాకా అమెరికన్ గిటార్లూ రాలేదు. ఇక రాత్రిపూట పరాయి దేశం నుంచి ప్రసారమయ్యే రేడియో లక్సెంబర్గ్ గరగరల మధ్య వస్తూ పోతూ ఉండేది. కేస్కర్ కేంద్ర సమాచార, ప్రసార మంత్రిగా ఉండగా ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెడితే మన ఇళ్లలో రేడియో సిలోన్ మోగిన రోజులను తలుచుకుంటే ఈ పరిస్థితి ఇట్టే అర్థమవుతుంది. ఢిల్లీ 1957లోనే దారికొచ్చి వివిధ భారతి పెట్టింది. లండన్‌కు ఆ బుద్ధి పుట్టడానికి మరో పదేళ్లు పట్టింది.

దొరకని పాటను వినే చెవి వేరు. చేతికొచ్చిన ఒక్క రికార్డును అరిగిపోయేదాకా వేసి, ఏ వేలు ఏ తీగ మీద పడిందో పట్టుకోవాలి. లేదంటే తామే వాయించుకోవాలి. 1956లో లోనీ డానిగన్ 'రాక్ ఐలండ్ లైన్' హిట్ కాగానే ఊరూరా స్కిఫిల్ మోజు పుట్టింది. ఒక చౌక గిటారు, బట్టలు రుద్దే గరుకు రేకు, టీ పెట్టెకు కర్ర నిలబెట్టి తాడు బిగించిన బేస్ ఉంటే చాలు, బృందం తయారు. జాన్ లెనన్ మొదలుపెట్టిన, తర్వాత బీటిల్స్‌గా మారిన క్వారీమెన్ అలాంటిదే. 1961లో డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో కీత్ రిచర్డ్స్, ఒకప్పుడు తన బడిలో చదివిన మిక్ జాగర్ చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ అనే నల్లజాతి అమెరికన్ల రికార్డులు చూసి మాట కలిపాడు; రోలింగ్ స్టోన్స్ బృందానికి బీజం అక్కడే. జాగర్ అలాంటివి షికాగో నుంచి పోస్టులో తెప్పించుకునేవాడు. అవి ప్రతి దుకాణంలోనూ దొరికే సరుకైతే ఆ మాటలకు అవసరమే ఉండేది కాదు. బీబీసీ సంగతీ అంతే. రికార్డు వేయకూడదు కాబట్టి బృందాన్నే స్టూడియోకు పిలవాలి. 1962కీ 1965కీ మధ్య బీటిల్స్ బీబీసీ కోసం 88 పాటలను మొత్తం 275 సార్లు పాడారు. వాటిలో ముప్పైకి పైగా పాటలను అప్పట్లో రికార్డుగా విడుదల చేయనే లేదు. జనానికి మూలం వినే వీలు లేనప్పుడు, దాన్ని దించగలిగినవాడే మొనగాడు.

ఇక తీరిక. యుద్ధం తర్వాత కూడా ఇక్కడ పద్దెనిమిదేళ్లు నిండిన మగపిల్లలకు నిర్బంధ సైనిక సేవ ఉండేది, 1950 నుంచి రెండేళ్ల పాటు. దాన్ని ఎత్తేయాలని 1957లో నిర్ణయించారు. 1939 అక్టోబరు నుంచి పుట్టినవాళ్లను పిలవలేదు. లెనన్, రింగో స్టార్ పుట్టింది 1940లో, మెకార్ట్నీ 1942, హారిసన్, జాగర్, రిచర్డ్స్ 1943. రోలింగ్ స్టోన్స్‌లో వయసులో పెద్దవాడైన బిల్ వైమన్ మాత్రం వైమానిక దళంలో ఉండి వచ్చాడు. ఇలా కలిసొచ్చిన ఏళ్లలో చాలామందికి నీడనిచ్చినవి ఆర్ట్ కాలేజీలు. పరీక్షల్లో మార్కులు రాకపోయినా చేతిలో కాస్త గీత ఉంటే సీటు, కౌన్సిల్ నుంచి ఖర్చులకు గ్రాంటు. లెనన్ లివర్‌పూల్‌లో, రిచర్డ్స్ సిడ్‌కప్‌లో, గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ కింగ్‌స్టన్‌లో, ది కింక్స్ బృందం రే డేవిస్ హోర్న్‌సీలో చేరినవాళ్లే. ది హూ బృందం పీట్ టౌన్‌షెండ్ ఈలింగ్ కాలేజీలో గుస్తావ్ మెట్స్‌గర్ ఉపన్యాసాలు విన్నాడు. వస్తువు తనను తాను ధ్వంసం చేసుకోవడమే కళ అన్నది ఆ కళాకారుడి సిద్ధాంతం. వేదిక మీద గిటారు విరగ్గొట్టడానికి ఆ పాఠమే ప్రేరణ అని టౌన్‌షెండ్ తర్వాత చెప్పుకున్నాడు. పన్ను కట్టినవాళ్లకు ఈ సంగతి తెలిస్తే ఏమనుకునేవారో!

బీటిల్స్‌కు అసలు బడి హాంబర్గ్ కదా, అక్కడ జర్మన్ క్లబ్బుల్లో గంటల తరబడి వాయించడమే కదా వాళ్లను తీర్చిదిద్దింది, సర్కారు పాత్రేముంది అని అడగవచ్చు. 1960 ఆగస్టులో అక్కడికెళ్లినప్పుడు లెనన్ వయసు పందొమ్మిది. పాత చట్టమే ఉండి ఉంటే అప్పుడతను బ్యారక్‌లో బూట్లు తుడుచుకుంటూ ఉండేవాడు. పక్కనే ఉన్న ఫ్రాన్స్ 1962 దాకా అదే వయసు కుర్రాళ్లను అల్జీరియా యుద్ధానికి పంపుతూనే ఉంది. కరువు ఒక్కటే సరిపోదనడానికి మన దేశమే సాక్ష్యం. సిలోన్ కోసం ముల్లు తిప్పిన చెవులు మనకూ కోట్లున్నాయి. పనీపాటా లేకుండా మూడేళ్లు గిటారు వాయించుకోమని మన పిల్లలకు నెలనెలా డబ్బిచ్చిన మునిసిపాలిటీ లేదు.

ఇంకో ఆక్షేపణ ఇంత తేలిగ్గా తోసేయగలిగింది కాదు. ఇదంతా నల్లజాతి అమెరికన్ల సొత్తు కదా, తెల్లవాళ్లు ఎత్తుకుపోయి అమ్ముకున్నారు కదా అని. చాలావరకు నిజం. రోలింగ్ స్టోన్స్ అన్న పేరే మడ్డీ వాటర్స్ పాట నుంచి వచ్చింది. నల్లజాతి బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ తన పాటను వాడుకున్నారని బ్రిటిష్ బృందం లెడ్ జెప్లిన్ మీద 1985లో కోర్టుకెళ్లి చివరికి రాజీలో సొమ్ము రాబట్టుకోవాల్సి వచ్చింది. బ్రిటిష్ బృందాలు వెళ్లి అమెరికా సంగీతానికి ప్రాణం పోశాయన్న గొప్ప కూడా నిలవదు. అదే 1964, 65లలో డెట్రాయిట్ మోటౌన్ కంపెనీ గాయనీ బృందం సుప్రీమ్స్ వరసగా అయిదు పాటలను అమెరికాలో మొదటి స్థానానికి చేర్చింది. అయితే ఈ అన్యాయానికీ దూరమే మూలం. అమెరికాలో రేడియో స్టేషన్లూ, అమ్మకాల జాబితాలూ రంగును బట్టి విడిపోయి ఉండేవి. అట్లాంటిక్ దాటి పోస్టులో వచ్చిన రికార్డుకు ఆ గోడ లేదు. దాన్ని మోజుగా విన్నవాడికి, దాని వెనకున్న మనిషి ఏ బతుకు బతుకుతున్నాడో కూడా కనిపించలేదు. 1965లో అమెరికన్ టీవీ కార్యక్రమం 'షిండిగ్'కు వెళ్లిన స్టోన్స్, తమతో పాటు నల్లజాతి బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్‌ను కూడా పిలవాలని పట్టుబట్టారు. తన సొంత దేశం టీవీలో ఆయన కనిపించడానికి ఇంగ్లండ్ కుర్రాళ్ల సిఫారసు కావలసి వచ్చింది.

1964లో రేడియో కారొలైన్ ఓడ తీరానికి దూరంగా లంగరు వేసి రోజంతా పాటలు వేయడం మొదలుపెట్టింది. ఆ కరువు అక్కడితో చాలావరకు తీరింది. 1967 ఆగస్టులో చట్టం తెచ్చి ఈ దొంగ స్టేషన్లకు అడ్డుకట్ట వేసిన ప్రభుత్వం, సెప్టెంబరు 30న బీబీసీ చేత రేడియో వన్ పెట్టించింది. అందులో చాలామంది వ్యాఖ్యాతలు నిన్నటి ఓడల మీది వాళ్లే. నీడిల్ టైమ్ మాత్రం కదల్లేదు. అందుకే ఆ ఓడల నుంచే వచ్చిన జాన్ పీల్ కార్యక్రమం కోసం కొత్త బృందాలను స్టూడియోకు పిలిచి ప్రత్యేకంగా వాయింపించేవారు. ఆ నిబంధన 1988లో పోయింది. పీల్ కార్యక్రమానికి బృందాలు రావడం మాత్రం 2004లో ఆయన చనిపోయేదాకా ఆగలేదు.