పాయింట్ల నుంచి సెన్సర్ల దాకా: పాత ఇంజిన్లకు కొత్త ఇగ్నిషన్

పెట్రోలు ఇంజిన్ సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి, పెట్రోలు ఆవిరి మిశ్రమాన్ని తగిన క్షణంలో విద్యుత్ రవ్వతో మండించే ఏర్పాటే ఇగ్నిషన్. అమెరికాలోని డేటన్ నగరంలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 నాటి కాడిలాక్ కార్లలో ప్రవేశించాక, దాని మూలసూత్రం ప్రపంచమంతటా ఆరు దశాబ్దాలకు పైగా చెలామణిలో ఉంది. పాత కార్లకు ఎలక్ట్రానిక్ పరికరాలు అమర్చే విద్య ఆ సూత్రాన్ని అలాగే నిలుపుకొని, అందులో అరిగిపోయే భాగాలను ఒక్కొక్కటిగా తొలగిస్తూ ఎదిగింది.

కెట్టరింగ్ పద్ధతిలో బ్యాటరీ కరెంటు కాయిల్‌లోని మొదటి తీగచుట్ట గుండా పారుతూ అయస్కాంత క్షేత్రాన్ని ఏర్పరుస్తుంది. డిస్ట్రిబ్యూటర్ ఇరుసు మీది క్యామ్ ‘పాయింట్లు’ అనే లోహపు బిళ్లలను విడదీయగానే ఆ క్షేత్రం హఠాత్తుగా కుంగి, రెండవ తీగచుట్టలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్ కొన వద్ద రవ్వ ఎగురుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు పాయింట్లు సెకనుకు 100 సార్లు తెరుచుకోవాలి. అందువల్ల బిళ్లల మీద గుంటలు పడతాయి. క్యామ్‌ను రాసుకునే మడమ అరిగి, ఎడం తగ్గి, రవ్వ ఆలస్యమవుతుంది. అంబాసిడర్ వంటి కార్ల కాలంలో ఫీలర్ గేజ్ రేకును పాయింట్ల మధ్య దూర్చి ఆ ఎడాన్ని సుమారు 0.4 మిల్లీమీటర్లకు సరిచేయడం, నల్లబడిన బిళ్లలను గరుకు కాగితంతో శుభ్రం చేయడం మెకానిక్‌కు నిత్యకృత్యంగా ఉండేది.

1960లలో వచ్చిన ట్రాన్సిస్టర్ ఇగ్నిషన్ కాయిల్ కరెంటు భారాన్ని పాయింట్ల నుంచి తప్పించింది. 1970లో అమెరికా చేసిన స్వచ్ఛ వాయు చట్టం పొగ మీద కఠినమైన పరిమితులు విధించడంతో, ఎప్పటికీ ఒకే వేళకు రవ్వ రావలసిన అవసరం పెరిగి, క్రైస్లర్ సంస్థ 1973 నాటికి తన అమెరికన్ కార్లలో పాయింట్లు లేని ఇగ్నిషన్‌ను ప్రామాణికం చేసింది. పాత కార్లకు సరిపడే పరికరాల్లో ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్న ప్రభావం అక్కరకు వచ్చింది: క్యామ్ మీద తొడిగిన అయస్కాంతపు ఉంగరం తిరుగుతుంటే, పాయింట్ల స్థానంలో బిగించిన హాల్ సెన్సర్ ఆ క్షేత్రపు మార్పును గుర్తించి కరెంటును ఆపుతుంది. మూత, రోటర్, వేగాన్నిబట్టి రవ్వను ముందుకు జరిపే బరువులు యథాతథంగా ఉంటాయి.

తరువాతి దశలో సెన్సర్ డిస్ట్రిబ్యూటర్‌ను వదిలి నేరుగా క్రాంక్‌షాఫ్ట్ చెంతకు చేరింది. క్రాంక్ పుల్లీకి 36 పళ్ల స్థానాలున్న చక్రాన్ని బిగించి ఒక పన్నును తీసివేస్తే, ఒక్కొక్క స్థానం 10 డిగ్రీలను సూచిస్తుంది, ఆ ఖాళీ ఇంజిన్ భంగిమను తెలుపుతుంది. ఈ సంకేతంతో పాటు ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే సెన్సర్ సంకేతాన్ని కూడా అందుకున్న చిన్న కంప్యూటర్, ప్రతి వేగానికీ భారానికీ తగిన రవ్వ వేళను నిర్ణయిస్తుంది. ఒకటి-నాలుగు, రెండు-మూడు సిలిండర్లకు జంటగా రవ్వ ఇచ్చే రెండు కాయిళ్లు చాలు కనుక డిస్ట్రిబ్యూటర్ అవసరమే ఉండదు. జంటలో ఒక రవ్వ పొగ బయటికి పోయే దశలో ఎగిరి వృథా అయినా ఇంజిన్‌కు హాని లేదు. భారతదేశంలో 2000 నుంచి కఠినమైన ఉద్గార ప్రమాణాలు వచ్చాక కొత్త కార్లలో కార్బురెట్టర్ తప్పుకుంటూ, ఇలాంటి సెన్సర్లు సర్వసాధారణమయ్యాయి.

అయినా పాత విద్యకు విలువ తగ్గలేదు. డిస్ట్రిబ్యూటర్ ఇరుసు బుష్ అరిగి ఊగుతున్న చోట హాల్ సెన్సర్ బిగించినా రవ్వ వేళ చెదురుతూనే ఉంటుంది, ఎందుకంటే సెన్సర్ చదివేది ఆ ఊగే ఇరుసునే. అందుచేత పాయింట్ల కాలపు అరుగుదలను చేతితో తడిమి గుర్తించగలిగే పనివాడే కొత్త పరికరాన్ని సరిగా నిలబెట్టగలడు. ఆ జ్ఞానాన్ని శ్రద్ధగా కాపాడుకోవలసిన బాధ్యత నేటి వృత్తి శిక్షణ మీద ఉంది.