లెగో 79000: రిడిల్స్ ఫర్ ద రింగ్

‘రిడిల్స్ ఫర్ ద రింగ్’ డెన్మార్క్‌కు చెందిన లెగో కంపెనీ 2012 చివర్లో విడుదల చేసిన చిన్న బొమ్మల సెట్. దాని సంఖ్య 79000. మొత్తం 105 ముక్కలు, రెండు మనిషి బొమ్మలు. అప్పట్లో అమెరికాలో ధర 9.99 డాలర్లు. జె.ఆర్.ఆర్. టోల్కీన్ నవల ‘ద హాబిట్’ ఐదో అధ్యాయంలో, కొండ కడుపులోని చీకటి సరస్సు ఒడ్డున హాబిట్ జాతివాడైన బిల్బో బ్యాగిన్స్, అక్కడే ఉండే గొల్లమ్ అనే జీవి ఒకరినొకరు పొడుపు కథలతో పరీక్షించుకుంటారు. ఈ సెట్‌కు ఆధారం ఆ ఘట్టమే. అదే వరుసలోని మిగతా పెట్టెల్లో ఎక్కువగా తోడేళ్లు, సాలెపురుగులు, సేనలు కనిపిస్తాయి. ఇందులో ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటారు, అంతే. పిల్లల బొమ్మకు ఇలాంటి ఘట్టాన్ని ఎంచుకోవడం సాహసమే.

కథ, దాని రెండు రూపాలు

‘ద హాబిట్’ మొదట 1937 సెప్టెంబరులో లండన్‌లో అచ్చయింది. కొండ, పళ్లు, గాలి, చీకటి, గుడ్డు, చేప, కాలం వంటివి జవాబులుగా ఉన్న ఆ పొడుపు కథలు మన పల్లెల్లో వేసుకునేవాటికి దూరం కావు. చందమామలో బేతాళ కథలు చదివినవారికి ఆ ఉత్కంఠ కూడా తెలిసిందే. కాకపోతే విక్రమార్కుడికి జవాబు తెలిసి నోరు మూసుకుంటే ముప్పు, బిల్బోకు జవాబు తెలియకపోతే ముప్పు: గొల్లమ్ అతన్ని తినేస్తాడు. చివరికి బిల్బో తన జేబులో ఏముందో చెప్పమని అడిగి గెలుస్తాడు. అది పొడుపు కథే కాదని గొల్లమ్ గొడవ పెట్టుకుంటాడు. న్యాయంగా చూస్తే గొల్లమ్ మాటే నిజం.

1937 నాటి ప్రతిలో పందెం వస్తువు ఉంగరమే. ఓడిపోతే దాన్ని కానుకగా ఇస్తానని గొల్లమ్ తనంతట తానే ఒప్పుకుంటాడు. తర్వాత టోల్కీన్ ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాస్తూ ఆ ఉంగరాన్ని మనిషిని పట్టి పీడించే దుష్టశక్తిగా మలిచాడు. అటువంటి వస్తువును ఎవరూ చేజేతులా వదులుకోరు కదా. అందుకని ఆ అధ్యాయాన్ని తిరగరాసి, 1947లో నమూనాగా ప్రచురణకర్తలకు పంపాడు. వాళ్లు మారు మాట్లాడకుండా దాన్నే కొత్త ముద్రణలో చేర్చేశారు. 1950లో ప్రూఫులు చేతికొచ్చాకే ఆయనకు సంగతి తెలిసింది. అలా 1951 నుంచి పుస్తకంలో పందెం మారింది: గెలిస్తే బిల్బోకు బయటికి దారి, ఓడితే ప్రాణం పోతుంది. ఉంగరం మాత్రం ఆట మొదలవకముందే చీకట్లో తడుముకుంటుంటే బిల్బో చేతికి దొరికి జేబులో పడుతుంది. మరి పాత ముద్రణ మాటేమిటి? అది బిల్బో తన స్నేహితులకు చెప్పుకున్న అబద్ధమని తర్వాతి నవలలో టోల్కీన్ సర్దిచెప్పాడు.

ఈ లెక్కన ‘ఉంగరం కోసం పొడుపు కథలు’ అనే అర్థం వచ్చే పెట్టె మీది పేరు బిల్బో అబద్ధాన్నే సమర్థిస్తోంది. లోపల ఉన్న దృశ్యం మాత్రం 1951 తర్వాతి కథ నుంచి, ఆ కథను అనుసరించిన పీటర్ జాక్సన్ సినిమా నుంచి వచ్చింది.

కర్ర బొమ్మల నుంచి సినిమా బొమ్మల దాకా

లెగోను స్థాపించిన ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి డెన్మార్క్‌లోని బిలుండ్‌లో 1932లో కర్ర బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ ఇటుకలు 1949లో వచ్చాయి. ఇప్పుడు మనకు తెలిసిన బిగింపు, అంటే పైన బొడిపెలు, అడుగున గొట్టాలు ఉండే ఏర్పాటుకు 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు చేశారు. కొండపల్లి బొమ్మలో తెల్ల పొణికి కర్ర భాగాలను చింతగింజల ముద్దతో ఒకసారి అతికిస్తే మళ్లీ విడదీయరు. లెగో ఇటుక గుణం దీనికి సరిగ్గా వ్యతిరేకం. గట్టిగా పట్టుకోవాలి, పసివేళ్లు లాగితే వదలాలి. బొడిపెలు ఎనిమిదేసి ఉన్న ఒకే రంగు ఇటుకలు ఆరింటిని కలిపే తీర్లు 91,51,03,765 అని లెక్కగట్టారు.

చేతులూ కాళ్లూ కదిలే మనిషి బొమ్మ 1978లో వచ్చింది. కోటలు, రాజభటుల వరుస కూడా ఆ ఏడాదే మొదలైంది. ఆ కోటలకు కథ ఉండేది కాదు, పిల్లలే అల్లుకోవాలి. 1999లో ‘స్టార్ వార్స్’తో ఆ పద్ధతి మారింది. పేరులోనే యుద్ధం ఉందని కంపెనీలోనే కొందరు అభ్యంతరం చెప్పినా ఆ సెట్లు విపరీతంగా అమ్ముడయ్యాయి. 2001లో ‘హ్యారీ పాటర్’ వచ్చింది. 2003, 2004ల్లో లెగో భారీ నష్టాల్లో కూరుకుపోయింది. తేరుకున్న తర్వాత, 2011 డిసెంబరులో వార్నర్ బ్రదర్స్‌తో టోల్కీన్ సినిమాల బొమ్మల ఒప్పందాన్ని ప్రకటించింది. టోల్కీన్ సినిమా హక్కులను 1969లోనే యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కు అమ్మేశాడు, 1976లో అవి నిర్మాత సాల్ జెంట్జ్ చేతికి వచ్చాయి. ఈ బొమ్మల ముఖాల్లో పుస్తకం కన్నా తెర మీది నటుల పోలికలు కనిపించడానికి కారణం ఈ హక్కుల దారే.

పెట్టెలో ఏముంది

గొల్లమ్ కూర్చునే రాతి దిబ్బ, చిన్న పడవ, చేప, ఉంగరం, ఇద్దరు మనుషులు. బిల్బోకు పొట్టి కాళ్లు. 2002లో ‘స్టార్ వార్స్’ యోడా కోసం తయారైన ఆ కాళ్లు పొట్టివాళ్లయిన హాబిట్‌లకు చక్కగా సరిపోయాయి. గొల్లమ్‌కు మాత్రం ఉన్న ముక్కలతో పని జరగలేదు. వంగి కూర్చున్న శరీరానికి ప్రత్యేకంగా అచ్చు చేయించారు. కళ్లు పెద్దవి చేసి తెరిచిన ఈ గొల్లమ్, 2012లోనే ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ వరుసలోని ‘షీలాబ్ అటాక్స్’ సెట్‌లో వచ్చిన గొల్లమ్ ఒకటి కాదు.

అన్నిటికన్నా విలువైన ముక్క ఉంగరం. బంగారు మెరుపుతో, బొమ్మ చేతికి పట్టేంత మాత్రమే ఉంటుంది. కథలో లాగే జారిపోయిందంటే సోఫా కిందో మంచం కిందో వెతుక్కోవాల్సిందే.

మన దగ్గర

భారతదేశంలో లెగో పంపిణీని చాలాకాలం ఎమ్మారెఫ్‌కు చెందిన ఫన్‌స్కూల్ చూసింది. 2020 ఫిబ్రవరిలో బొమ్మల దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. ఈ సుంకాల వల్ల అక్కడి పది డాలర్ల సరుకు ఇక్కడ చిన్న కొనుగోలుగా మిగలదు. హైదరాబాద్‌లో చందానగర్, మియాపూర్, కొండాపూర్ వైపు ఐటీ కుటుంబాల్లో అమెరికా నుంచి సెలవులకు వచ్చే బాబాయో మేనమామో సూట్‌కేసులో పట్టుకొచ్చే వస్తువుల్లో లెగో పెట్టె ఉండటంలో వింతేమీ లేదు.

తర్వాత

‘హాబిట్’ వరుసలో చివరి పెట్టెలు 2014లో, మూడో సినిమాతో పాటు వచ్చాయి. టోల్కీన్ లోకానికి లెగో 2023లో పెద్ద సెట్లతో తిరిగొచ్చింది. అదీ పిల్లల కోసం కాదు, ఒకప్పటి పిల్లల కోసం: రివెండెల్ సెట్‌లో 6,167 ముక్కలు, విడుదలప్పటి ధర 499.99 డాలర్లు. 2024లో 5,471 ముక్కల బరాద్-దూర్, 2025లో 2,017 ముక్కల షైర్ వచ్చాయి. గొల్లమ్ మాత్రం 2023లో ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ నాయకుడు ఫ్రోడోతో కలిసి, పెద్ద చదరపు తలల ‘బ్రిక్‌హెడ్జ్’ బొమ్మగా మరో చిన్న పెట్టెలో కనిపించాడు.