జిల్లా పేరు – ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నేపథ్యంలో చారిత్రక పరిశీలన

కీలకపదాలు: జిల్లాల పునర్వ్యవస్థీకరణ, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, కాన్ఫిగరేషన్ దస్త్రం, బిల్డ్ వర్క్‌ఫ్లో, పాఠభేదం, డిజిటల్ శాసన సంపుటి.

ప్రవేశిక:

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి పెరిగింది. నాటి వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయింది. ఖమ్మం జిల్లాలోని గార్ల, బయ్యారం మండలాలు మహబూబాబాద్‌లోను, కరీంనగర్ జిల్లాలోని కాటారం, మహాదేవపూర్ మండలాలు భూపాలపల్లిలోను చేరాయి. ఈ పునర్విభజనను పరిపాలనా చరిత్రలో భాగంగానే చూడటం పరిపాటి. అయితే జిల్లా పేరు కాగితం మీద మాత్రమే ఉండే కాలం కాదిది. అది ప్రోగ్రాముల లోపల, వాటికి విలువలందించే కాన్ఫిగరేషన్ దస్త్రాలలో కూడా ఉంటుంది. అక్కడ ఈ పేర్ల ప్రవర్తన ఎలా ఉంటుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

వాహనాల సంఖ్యాఫలకాలను గమనిస్తే సమస్య స్వరూపం అర్థమవుతుంది. జనగామలో 2014కు ముందు నమోదైన వాహనానికి ఏపీ 36, ఆ తరువాత టీఎస్ 03, జిల్లా ఏర్పడ్డాక టీఎస్ 27, 2024 మార్చి నుంచి టీజీ 27 సంకేతాలు వచ్చాయి. ఊరు ఒకటే, సంకేతాలు నాలుగు. పాత వాహనాల ఫలకాలను మార్చవలసిన అవసరం లేకుండా కొత్త సంకేతం కొత్త వాహనాలకే వర్తించింది. గతాన్ని తిరగరాయకుండా వర్తమానాన్ని మార్చిన ఈ పద్ధతి గమనింపదగినది.

మారే విలువను వేరుచేయడం:

1979లో బెల్ ల్యాబ్స్ విడుదల చేసిన యూనిక్స్ ఏడవ కూర్పుతో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ వ్యాప్తిలోకి వచ్చింది. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును ప్రారంభించేటప్పుడు కొన్ని పేర్లను, వాటి విలువలను నకలు తీసి అందిస్తుంది. పిల్ల ప్రోగ్రాము తన నకలును మార్చుకోవచ్చు. ఆ మార్పు తల్లికి చేరదు. 2011లో హెరోకు సంస్థకు చెందిన ఆడమ్ విగ్గిన్స్ ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్’ సూత్రాలలో, ఒక నెలవు నుంచి మరొక నెలవుకు మారే విలువలను ప్రోగ్రాములో రాయరాదని, ఎన్విరాన్‌మెంట్‌లో ఉంచాలని ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది బ్రాండన్ కీపర్స్ రూబీ భాష కోసం రూపొందించిన ‘డాట్ ఎన్వ్’ ఆ విలువలను ఒక చిన్న దస్త్రం నుంచి చదివే అలవాటును ప్రచారంలోకి తెచ్చింది. రహస్య సంకేతాలుండే ఆ దస్త్రాన్ని ప్రోగ్రాముతో పాటు పంచుకోకూడదన్న నియమం కూడా ఉంది, ఆచరణ మాత్రం అంత నిష్ఠగా లేదు.

స్వయంచాలక బిల్డ్ వర్క్‌ఫ్లోలలో ప్రతి అంచె ఒక వేరు ప్రక్రియ కాబట్టి మొదటి అంచెలో పెట్టిన విలువ రెండవ అంచెకు అందదు. గిట్‌హబ్ యాక్షన్స్ తొలినాళ్లలో దీనికి ఒక సులువు ఉండేది: తెరమీద ఒక ప్రత్యేక వాక్యాన్ని ముద్రిస్తే వ్యవస్థ దానిని చదివి వేరియబుల్‌గా స్వీకరించేది. బయటి వారి రాత ఏదైనా తెరమీదికి వస్తే అందులోని వాక్యం కూడా ఆజ్ఞగా చెల్లుబాటవుతుందన్న ప్రమాదం బయటపడడంతో 2020 నవంబరులో ఆ మార్గాన్ని మూసివేశారు. ఇప్పుడు అంచెల మధ్య విలువలు ఒక ప్రత్యేక దస్త్రం ద్వారానే ప్రయాణిస్తాయి.

భూపాలపల్లి పేరులోని ఖాళీ:

మూడు జిల్లాల పేర్లలో జనగామ, మహబూబాబాద్ ఏకపదాలు. జయశంకర్ భూపాలపల్లి రెండు పదాలు, మధ్యన ఒక ఖాళీ. ఒక కాన్ఫిగరేషన్ దస్త్రంలో ‘జిల్లా’ అన్న వేరియబుల్‌కు ఈ పేరును కొటేషన్ గుర్తులు లేకుండా రాశారనుకుందాం. (వేరియబుల్ పేరు లాటిన్ అక్షరాలలో ఉండాలి, విలువ తెలుగులో ఉండవచ్చు.) ఆ దస్త్రాన్ని షెల్ నేరుగా చదివితే ‘జయశంకర్’ వరకే విలువగా గ్రహించి, ‘భూపాలపల్లి’ని నడపవలసిన ఆజ్ఞగా భావిస్తుంది, అటువంటి ఆజ్ఞ లేదని దోషం చూపుతుంది. డాట్ ఎన్వ్ తరహా సాధనాలు పేరును పూర్తిగా స్వీకరిస్తాయి. పోనీ కొటేషన్ గుర్తులు పెడితే షెల్ సంతృప్తి పడుతుంది గాని, డాకర్ రన్ ఆజ్ఞకు అదే దస్త్రాన్నిస్తే గుర్తులు కూడా పేరులో భాగమైపోతాయి.

తాళపత్ర ప్రతుల పరిష్కరణలో పాఠభేదాలు లేఖకుల వల్ల పుడతాయి. ఇక్కడ రాత ఒక్కటే, భేదం చదువరుల వల్ల పుట్టింది. జనగామ పేరుతో పరీక్షించిన వర్క్‌ఫ్లో దోషరహితంగా కనిపించి, భూపాలపల్లి దగ్గర మాత్రమే ఆగిపోవడానికి కారణమిదే.

పాలంపేట ఏ జిల్లా?

సాహిత్య, శాసన పరిశోధకులకు అసలు చిక్కు ఇంకొకటి ఉంది. రామప్ప దేవాలయం ఉన్న పాలంపేట 2016 వరకు వరంగల్ జిల్లాలోను, ఆ తరువాత భూపాలపల్లి జిల్లాలోను, 2019 ఫిబ్రవరి 17 నుంచి ములుగు జిల్లాలోను ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చేనాటికి అది ములుగు. పాలంపేట శాసనపాఠాన్ని డిజిటల్ సంపుటిగా బిల్డ్ చేసేవారు జిల్లా పేరును మారే విలువగా భావించి కాన్ఫిగరేషన్ దస్త్రంలో పెట్టడం సహజం. అయితే అది సరికాదు. విగ్గిన్స్ చెప్పినది నెలవును బట్టి మారే విలువ గురించి. జిల్లా పేరు కాలాన్ని బట్టి మారుతుంది. దానిని ఎన్విరాన్‌మెంట్‌లో ఉంచితే, 2015 నాటి సంపుటిని నేడు మళ్లీ బిల్డ్ చేసినప్పుడు అందులోని వరంగల్ ములుగుగా మారిపోతుంది, ఆ సంపుటిని ఉటంకించిన సిద్ధాంతవ్యాసంతో మూలం పొసగదు. సర్వర్ చిరునామా, రహస్య సంకేతం ఎన్విరాన్‌మెంట్‌లో ఉండాలి. జిల్లా పేరు మాత్రం అమలు తేదీతో సహా దత్తాంశంలోనే ఉండాలి.

వరంగల్ పేరు దీనికి మరింత కఠినమైన ఉదాహరణ. 1953 అక్టోబరు 1న ఖమ్మం విడిపోకముందు ఆ పేరు చెప్పిన నేల వేరు, 2016 వరకు చెప్పిన నేల వేరు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాయి. 2011 జనాభా లెక్కలలో 540 సంకేతం గల వరంగల్‌లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఉన్నాయి, నేటి వరంగల్‌లో లేవు. రెండు పట్టికలనూ పేరు ఆధారంగా కలిపే వర్క్‌ఫ్లోకు అక్షరాలు సరిపోతాయి. అది ఏ దోషమూ చూపకుండానే పూర్తవుతుంది.